కార్డు మీద లేని మాట: లేట్ నైట్ షోల్లో కొన్ని ఇంటర్వ్యూలే ఎందుకు గుర్తుండిపోతాయి?

క్లుప్తంగా: అమెరికా లేట్ నైట్ టీవీ షోల్లో సెలబ్రిటీ ఇంటర్వ్యూ అంటే చాలావరకు ముందే ఫోన్‌లో మాట్లాడుకుని సిద్ధం చేసిన ప్రచారం. ఏళ్ల తరబడి జనానికి గుర్తుండేది మాత్రం ఆ ఏర్పాటు బెడిసికొట్టిన, లేదా బెడిసికొట్టినట్టు కనిపించిన రాత్రులే. వాటిలో కొన్ని నాటకాలని తర్వాత తేలింది. కొన్నింటి టేపులు చెరిగిపోయాయి. ఒకటైతే అసలు ప్రసారమే కాలేదు, అయినా చూశామని చెప్పేవాళ్లున్నారు.

2009 ఫిబ్రవరి 11 రాత్రి సీబీఎస్ చానల్లో లేట్ నైట్ షో హోస్ట్ డేవిడ్ లెటర్‌మన్ పక్క కుర్చీలో నటుడు వాకీన్ ఫీనిక్స్ కూర్చున్నారు. గుబురు గడ్డం, చెదిరిన జుట్టు, నల్ల కళ్లద్దాలు, నోట్లో చూయింగ్ గమ్. వచ్చింది కొత్త సినిమా ప్రచారానికి. దాని గురించి అడిగితే పొడిపొడి మాటలు. నటన మానేసి హిప్‌హాప్ చేసుకుంటానన్నారు. మధ్యలో గమ్ తీసి బల్లకు అంటించారు. ఎంత లాగినా మాట రాలేదు. చివరికి లెటర్‌మన్, ఈ రాత్రి మీరు రాలేకపోయినందుకు బాధగా ఉందని ఎదురుగా ఉన్న మనిషితోనే అని ముగించారు.

పదకొండు రోజుల తర్వాత ఆస్కార్ వేదిక మీదికి బెన్ స్టిల్లర్ అదే గడ్డం, అవే కళ్లద్దాలు పెట్టుకుని వచ్చారు. ఎవరిని అనుకరిస్తున్నారో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఫీనిక్స్ ప్రచారానికి వచ్చిన సినిమా పేరు అడిగితే మాత్రం ఇవాళ చాలామంది తడుముకోవాల్సిందే. ఆ వారం ఆ కుర్చీలో చక్కగా కూర్చుని, చక్కగా నవ్వి, సినిమా పేరు రెండుసార్లు చెప్పి వెళ్లిన మిగతా గెస్టులు ఎవరో కూడా ఎవరికీ గుర్తులేదు.

ఈ రకం షోల గురించి మళ్లీ చర్చ మొదలవడానికి కారణం ఉంది. స్టీఫెన్ కోల్‌బేర్ నడుపుతున్న ‘ద లేట్ షో’ను 2026 మేలో ముగిస్తామని 2025 జూలైలో సీబీఎస్ ప్రకటించింది. 1993లో లెటర్‌మన్‌తో మొదలైన షో అది. నష్టాల వల్లే ఈ నిర్ణయమని సంస్థ చెప్పింది. దాని మాతృసంస్థ పారమౌంట్ ఒక దావాలో ట్రంప్‌తో చేసుకున్న కోటీ 60 లక్షల డాలర్ల రాజీని కోల్‌బేర్ విమర్శించిన కొద్ది రోజులకే ఈ ప్రకటన రావడం మీద వాదన వేరే నడిచింది. కారణం ఏదైనా, పాత క్లిప్పులు మళ్లీ తిరగడం మొదలైంది. తిరుగుతున్నవి దాదాపు అన్నీ ఏదో తేడా జరిగిన క్లిప్పులే.

ముందు ఫోన్, తర్వాత సోఫా

టీవీలో చూసేవాళ్లకు ఇది ఇద్దరి కబుర్లలా ఉంటుంది. వెనక జరిగే పని వేరు. సినిమా విడుదల తేదీ ఖరారు కాగానే నటుడి ప్రచారం చూసుకునే పబ్లిసిస్టు, షోకు గెస్టులను కుదిర్చే బుకర్ మాట్లాడుకుంటారు. షో దగ్గరపడ్డాక సెగ్మెంట్ ప్రొడ్యూసర్ గెస్టుకు ఫోన్ చేస్తారు. దీన్ని ప్రీ ఇంటర్వ్యూ అంటారు. ఈ మధ్య ఎక్కడికెళ్లారు, షూటింగ్‌లో నవ్వొచ్చిందేమైనా జరిగిందా, పిల్లలేం చేస్తున్నారు అని అడిగి పనికొచ్చే కథలు రెండో మూడో ఏరుతారు. ఏది ముందు, ఏది చివర, సినిమా క్లిప్ ఎప్పుడు అన్నది అక్కడే తేలిపోతుంది. అదంతా హోస్ట్ ముందుండే కార్డుల మీదికి చేరుతుంది. ఆ కార్డులు చాలా షోల్లో నీలం రంగులో ఉంటాయి.

అందుకే హోస్ట్ "మీరు ఈమధ్య గుర్రం ఎక్కారట కదా" అన్నట్టు అడిగేది నిజానికి ప్రశ్న కాదు, అందింపు. కథ ఎలా ముగుస్తుందో ఆయనకు తెలుసు. తెలియనట్టు ఆశ్చర్యపోవడమే ఆయన వృత్తి నైపుణ్యం. షో సాయంత్రం రికార్డవుతుంది, రాత్రి 11.35కు వస్తుంది. బూతు దొర్లితే బీప్ వేసుకోవడానికి ఆ కొన్ని గంటలు చాలు. 1994 మార్చి 31న మడోనా లెటర్‌మన్ షోలో ఒకే బూతుమాట పదిసార్లకు పైగా అన్నప్పుడు ఆ బీపులతోనే నెట్టుకొచ్చారు.

ఈ పద్ధతి ఎవరి దుర్బుద్ధీ కాదు. వారానికి నాలుగైదు రాత్రులు, ఏడాది పొడవునా షో నడపాలంటే ప్రతి గెస్టూ సహజంగా సరదాగా మాట్లాడతారని నమ్ముకుని కూర్చోలేరు. సమయం కూడా తగ్గుతూ వచ్చింది. జానీ కార్సన్ 1962లో ఎన్‌బీసీ చానల్ ‘ద టునైట్ షో’ చేపట్టినప్పుడు నిడివి 105 నిమిషాలు. తర్వాత 90 అయింది. 1980లో 60కి దిగింది. అందులో ప్రకటనలు, మొదట్లో హోస్ట్ ఒక్కరే జోకులు చెప్పే మోనోలాగ్, పాట పోగా ఒక గెస్టుకు మిగిలేది కొద్ది నిమిషాలే. అంత ఇరుకులో దారి తప్పడానికి చోటుండదు. కార్సన్ సోఫాలో మొదటి గెస్ట్ తన వంతు అయ్యాక లేచిపోకుండా పక్కకు జరిగి కూర్చునేవారు. కొత్తగా వచ్చినవాళ్ల మాటల్లో వేలు పెట్టేవారు. తర్వాత చాలా షోల్లో ఆ అలవాటు పలచబడింది.

అది మిగిలి ఉన్నచోట ఏమవుతుందో చూపించిన రాత్రి ఒకటుంది. 1997లో కోనన్ ఓబ్రయన్ షోలో నటి కోర్ట్నీ థోర్న్ స్మిత్ తన కొత్త సినిమా గురించి చెబుతున్నారు. పక్కనే కూర్చున్న హాస్యనటుడు నార్మ్ మెక్‌డొనాల్డ్‌కు నిజానికి ఆ ఇంటర్వ్యూతో పనిలేదు. అయినా ప్రతి వాక్యానికీ ఒక పుల్ల విరిచారు. సినిమా పేరులో ‘బోర్డ్’ అనే మాట ఉంది. దీని మీద జోకు వెయ్యి చూద్దాం అని కోనన్ సవాలు చేస్తే, ఆ బోర్డ్‌కు ‘బోర్ కొట్టింది’ అనే అర్థం వచ్చే స్పెల్లింగ్ పెట్టి ఉంటారని అప్పటికప్పుడు అనేశారు. కార్డులన్నీ పక్కకు పోయాయి. లేట్ నైట్‌లో అన్నిటికంటే ఎక్కువగా తిరిగే క్లిప్పుల్లో అదొకటి.

తేడా వచ్చినప్పుడు జనం చూసేది ఎవరిని?

ఇలాంటి ఇంటర్వ్యూల గురించి మాట్లాడేటప్పుడు అందరూ గెస్టు చేసిన పనినే చెప్పుకుంటారు. క్లిప్పులు జాగ్రత్తగా చూస్తే నిజంగా కళ్లు కట్టిపడేసేది హోస్ట్ ముఖం. కార్డు పనికిరాకుండా పోయిన ఆ నాలుగు సెకన్లలో ఈయన ఏం చేస్తాడన్నదే అసలు నాటకం.

1965లో ఒక టీవీ సీరియల్లో గొడ్డలి వీరుడి పాత్ర వేస్తున్న ఎడ్ ఏమ్స్, కార్సన్ షోలో దాన్ని విసరడం ఎలాగో చూపించారు. చెక్క పలక మీద గీసిన మనిషి బొమ్మకు అది తగలరాని చోట సరిగ్గా దిగబడింది. జనం గొల్లుమన్నారు. ఏమ్స్ సిగ్గుపడి గొడ్డలి పీకడానికి ముందుకు నడిచారు. కార్సన్ ఆయన చెయ్యి పట్టి వెనక్కి లాగారు. ఏమీ మాట్లాడకుండా నవ్వును సాగనిచ్చారు. అది ఒక దఫా తగ్గుతోందనగా ఒక్క జోకు వేసి మళ్లీ లేపారు. గొడ్డలి అలా తగలడం అదృష్టం. దాన్ని అక్కడే ఉంచడం కార్సన్ పనితనం.

ఏబీసీ చానల్లో షో నడిపిన డిక్ కావెట్‌ది ఇంకో దారి. 1971 డిసెంబర్‌లో నవలాకారులు నార్మన్ మెయిలర్, గోర్ విడాల్ ఆయన షోలోనే తగువు పెట్టుకున్నారు. చిర్రెత్తిన మెయిలర్, ఆ ప్రశ్నల కాగితం చూసి ప్రశ్న అడగవయ్యా అని కావెట్ మీదికి వెళ్లారు. హోస్టును అంతకంటే లోతుగా గుచ్చే మాట ఉండదు. ఇవన్నీ కాగితం చూసి అడిగేవేనని జనం ముందే అనేయడం కదా అది. ఆ కాగితాన్ని అయిదు మడతలు పెట్టి వెన్నెల సోకని చోట పెట్టుకోమన్నారు కావెట్. కాగితంలో లేని ఆ ఒక్క జవాబే ఆయన కెరీర్‌లో అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునే మాట అయింది.

లెటర్‌మన్ దగ్గర ఇలాంటివి ఎక్కువగా జరగడానికి కారణం ఆయన ఇబ్బందిని దాచుకోకపోవడమే. గెస్టులను అతిగా పొగడరు, విసుగొస్తే కనబడనిస్తారు. 1986లో, ఆయన ఇంకా ఎన్‌బీసీలో పాత షో నడుపుతున్న రోజుల్లో, గాయని షేర్ ఇన్నాళ్లూ ఆ షోకు ఎందుకు రాలేదో చెబుతూ ఆయన మొహం మీదే ఒక తిట్టుమాట అనేశారు. మరుసటి ఏడాదే మాజీ భర్త సోనీతో కలిసి మళ్లీ వచ్చి పాత పాట పాడారు. 1987 జూలైలో నటుడు క్రిస్పిన్ గ్లోవర్ ఎత్తు మడమల బూట్లతో వచ్చి ఆయన ముఖానికి దగ్గరగా కాలు ఝాడించేసరికి, లెటర్‌మన్ లేచి తెర పక్కకు వెళ్లిపోయారు. వెళ్లిపోవడం కూడా ఒక జవాబే.

మరి అవి నాటకాలని తేలితే?

ఇక్కడే చిక్కుంది. అనుకోకుండా జరిగినవిగా గుర్తున్న కొన్ని సంఘటనలు అనుకుని చేసినవే.

1982 జూలై 28న హాస్యనటుడు ఆండీ కాఫ్‌మన్, కుస్తీ వీరుడు జెర్రీ లాలర్ లెటర్‌మన్ దగ్గరికి వచ్చారు. ఏప్రిల్‌లో మెంఫిస్‌లో జరిగిన పోటీలో లాలర్ తలకిందులుగా కుదేసినందుకు కాఫ్‌మన్ మెడకు పట్టీ కట్టుకుని ఉన్నారు. మాటామాటా పెరిగింది. లాలర్ చెంప ఛెళ్లుమనిపించేసరికి కాఫ్‌మన్ కుర్చీలోంచి కింద పడ్డారు. లేచి బూతులు తిట్టి, లాలర్ మీద కాఫీ చల్లి వెళ్లిపోయారు. ఇద్దరూ కలిసి ఆడిన ఆట ఇదని బయటపడటానికి పదేళ్లు దాటింది. అప్పటికి కాఫ్‌మన్ లేరు, 1984లోనే చనిపోయారు.

ఫీనిక్స్ సంగతీ అంతే. 2010 సెప్టెంబర్‌లో దర్శకుడు కేసీ అఫ్లెక్, ఆ హిప్‌హాప్ వ్యవహారమంతా తమ సినిమా కోసం చేసిన నటనేనని చెప్పారు. ఆ నెలలోనే ఫీనిక్స్ గడ్డం తీసేసి లెటర్‌మన్ షోకు వచ్చి క్షమాపణ అడిగారు. లెటర్‌మన్‌కు ముందే తెలుసా అన్నదాని మీద మాత్రం అందరిదీ ఒకే మాట కాదు. తెలియదని ఆయన వాదన. ఆ షో రచయితల్లో ఒకరు తెలుసనే అన్నారు.

నాటకమని తేలాక ఈ క్లిప్పుల విలువ తగ్గాలి. తగ్గలేదు. గెస్ట్ నటిస్తున్నా హోస్ట్, ప్రేక్షకులు అప్పటికప్పుడు స్పందించక తప్పని పరిస్థితి నిజం కావడమే దానికి కారణం కావచ్చు. ప్రీ ఇంటర్వ్యూలో తయారైన కథకు ముగింపు తెలుసు. కాఫీ చల్లిన తర్వాత ఏమవుతుందో ఆ గదిలో చాలామందికి తెలియదు.

తప్పు ఒప్పుకోవడానికీ ఒక స్లాట్

1995 జూలై 10 నాటి హ్యూ గ్రాంట్ ఇంటర్వ్యూ ఈ లెక్కలో సరిగ్గా ఇమడదు. అందుకే దాన్ని విడిగా చూడాలి. జూన్ 27న లాస్ ఏంజిలెస్‌లో ఒక సెక్స్ వర్కర్‌తో కారులో ఉండగా పోలీసులు ఆయన్ను అరెస్టు చేశారు. కొత్త సినిమా విడుదల జూలై 12న. జే లెనో నడుపుతున్న ‘ద టునైట్ షో’లో ప్రచారానికి స్లాట్ అంతకుముందే ఖరారై ఉంది. రద్దు చేసుకుంటారని చాలామంది అనుకున్నారు. చేసుకోలేదు.

లెనో సుత్తి కొట్టకుండా, అసలు ఏమనుకుని చేశావా పని అని అడిగారు. ఏది మంచి పనో ఏది చెడ్డ పనో మనిషికి తెలుస్తుంది, తాను చేసింది చెడ్డ పని అని గ్రాంట్ జవాబు. పనివత్తిడి అనో ఇంకేదో అనో సాకు చెప్పలేదు.

ఇందులో అనుకోనిది ఏదీ లేదు. ఆ ప్రశ్న వస్తుందని అందరికీ తెలుసు, వినడానికే అంతమంది కూర్చున్నారు. ఇంటర్వ్యూను నిలబెట్టింది ప్రశ్న, జవాబు రెండూ పొట్టిగా ఉండటం. ఫలితం గ్రాంట్‌కే పరిమితం కాలేదు. అప్పటిదాకా రేటింగ్స్‌లో లెటర్‌మన్ వెనక ఉన్న లెనో ఆ వారం ముందుకొచ్చి, తర్వాతి ఏళ్లలో చాలావరకు అక్కడే ఉన్నారు. ఒక్క ఇంటర్వ్యూ వల్లే అంతా మారిందనడం అతిశయోక్తి. ఎన్‌బీసీ సీరియల్స్ అప్పటికే బలంగా ఉన్నాయి, సీబీఎస్ తడబడుతోంది. మలుపు ఎక్కడంటే మాత్రం అందరూ చూపించేది ఆ తేదీనే. ఆ తర్వాత సెలబ్రిటీలకు లేట్ నైట్ సోఫా తప్పు ఒప్పుకునే చోటు కూడా అయింది. చాలామందికి గ్రాంట్ పొట్టి జవాబు మాత్రం చేతకాలేదు.

నవ్వు పక్కకు తప్పుకున్న రాత్రులు

తగువు లేకుండానే గుర్తుండిపోయినవీ ఉన్నాయి. తనకు హెచ్‌ఐవీ ఉందని 1991 నవంబర్ 7న ప్రకటించిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్ మర్నాడే స్నేహితుడు ఆర్సీనియో హాల్ షోలో కనిపించారు. ఆ మాట వింటేనే జనం దూరం జరిగే రోజులవి.

2002 అక్టోబర్ 30న లెటర్‌మన్ గంట షో మొత్తాన్నీ గాయకుడు వారెన్ జీవాన్ ఒక్కరికే ఇచ్చారు. జీవాన్‌కు మీసోథీలియోమా అనే క్యాన్సర్, నయం కాదని తేలిపోయింది. ఆ సంగతి హోస్టుకు తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. దాచడానికి ఏమీ లేదు కాబట్టి మాటలు తేలికగానే నడిచాయి. జీవితం గురించి ఇతరులకు తెలియనిది ఇప్పుడేమైనా తెలిసిందా అని లెటర్‌మన్ అడిగితే, ప్రతి శాండ్‌విచ్‌నీ ఎంత ఆస్వాదించాలో తెలిసిందన్నట్టు జవాబిచ్చారు. మరుసటి సెప్టెంబర్‌లో ఆయన చనిపోయారు. కార్డుల మీద ఎంత రాసుకున్నా ఆ శాండ్‌విచ్ మాట వాటిలో ఉండే అవకాశం లేదు.

కోల్‌బేర్ ఈ దారిని ఎక్కువగా వాడుకున్నారు. పదేళ్ల వయసులో తండ్రిని, ఇద్దరు అన్నలను విమాన ప్రమాదంలో పోగొట్టుకున్న మనిషి ఆయన. 2015 సెప్టెంబర్‌లో, కొడుకు పోయిన మూడు నెలలకు జో బైడెన్ వచ్చినప్పుడు సంభాషణ రాజకీయాల కంటే దుఃఖం చుట్టూనే ఎక్కువగా తిరిగింది. 2019 మేలో కియాను రీవ్స్‌ను సరదాగానే, చనిపోయాక ఏమవుతుందంటారు అని అడిగారు. రీవ్స్ ఒక్క క్షణం ఆగి, మనల్ని ప్రేమించేవాళ్లు మన కోసం బెంగపడతారని మాత్రం తెలుసన్నారు. కోల్‌బేర్‌కు వెంటనే నోట మాట రాలేదు. ఆ మౌనం నిడివి కొద్ది సెకన్లు. ఆ వారం నెట్‌లో తిరిగింది అదే.

చెరిపేసిన టేపులు, చూడని జ్ఞాపకాలు

ఏది గొప్ప ఇంటర్వ్యూ అన్న చర్చలో చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. మిగిలినవాటిలోంచే గొప్పవి ఎంచుకుంటున్నాం. వీడియో టేపు ఖరీదైన కాలంలో ఎన్‌బీసీ పాత టేపుల మీదే కొత్త కార్యక్రమాలు రికార్డు చేసింది. అలా కార్సన్ మొదటి పదేళ్ల ‘టునైట్ షో’లో అధికభాగం పోయింది. 1962 అక్టోబర్ 1 నాటి ఆయన మొట్టమొదటి ఎపిసోడ్ వీడియో కూడా లేదు. గొడ్డలి క్లిప్ బతికి బట్టకట్టింది. వార్షికోత్సవ కార్యక్రమాల్లో మళ్లీ మళ్లీ వేయడం వల్లే దేశమంతా దాన్ని గుర్తుపెట్టుకుంది. అంతకంటే మంచి రాత్రులు ఎన్ని పోయాయో ఎవరూ చెప్పలేరు.

రెండోవైపు, జరగనివీ గుర్తుంటాయి. కార్సన్ షోకు ఒక నటి పిల్లిని ఒళ్లో పెట్టుకుని వచ్చిందనీ, ఆయన ద్వంద్వార్థపు జోకు వేశారనీ ఒక కథ దశాబ్దాల పాటు తిరిగింది. 1989లో జేన్ ఫోండా ఆ షోలోనే సంగతేంటని అడిగితే, అలాంటిదేమీ లేదని కార్సన్ చెప్పారు. కథ ఆగలేదు.

ఇంతకంటే విచిత్రం కావెట్ అనుభవం. 1971 జూన్‌లో ఆయన షో రికార్డింగ్‌లో, సేంద్రియ వ్యవసాయ ప్రచారకుడు జె.ఐ. రోడేల్ తన ఇంటర్వ్యూ ముగించి పక్క సీట్లో కూర్చుని ఉండగానే గుండె ఆగి చనిపోయారు. వయసు 72. ఆ ఎపిసోడ్‌ను ఏనాడూ ప్రసారం చేయలేదు. అయినా ఆ రాత్రి టీవీలో చూశామని, కావెట్ ముఖం ఇంకా కళ్లకు కట్టినట్టుందని చెప్పేవాళ్లు ఆయనకు ఏళ్ల తరబడి ఎదురవుతూనే వచ్చారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని అనలేం. తర్వాత వేరే షోల్లో కావెట్ ఆ సంగతి వివరంగా చెప్పారు. విన్నది మెల్లగా చూసినదిగా మారిపోయి ఉంటుంది.

అప్పటి నవ్వు, ఇప్పటి ఇబ్బంది

క్లిప్ మారకపోయినా చూసే కళ్లు మారతాయి. 2007లో జైలు నుంచి వచ్చిన కొన్ని నెలలకు పారిస్ హిల్టన్ లెటర్‌మన్ షోలో కూర్చుంటే ఆయన జైలు సంగతి వదలకుండా అడిగారు. 2013 ఏప్రిల్‌లో నటి లిండ్సే లోహన్‌ను పునరావాస చికిత్స గురించి గుచ్చి గుచ్చి అడిగారు. రెండుసార్లూ స్టూడియో నవ్వింది. 2021లో గాయని బ్రిట్నీ స్పియర్స్‌ను మీడియా వేధించిన తీరు మీద వచ్చిన డాక్యుమెంటరీ తర్వాత జనం ఆ క్లిప్పులను తవ్వి తీసి, ఇందులో నవ్వడానికేముందని అడిగారు. కార్డు దాటి వెళ్లడం ఎప్పుడూ గొప్పే అనుకోవడానికి లేదు. ఎదుటి మనిషికి తప్పించుకునే దారి ఉందా లేదా అన్నది కూడా చూడాలి. మెయిలర్‌కు ఉంది. లోహన్‌కు ఉందనడం కష్టం.

ఇప్పుడు తడబాటు కూడా ప్లానే

ఈ రకం రాత్రులు తగ్గడానికి సెలబ్రిటీలు చప్పగా మారడం కారణం కాదు. ఒకప్పుడు ఒక్క రాత్రిలో దేశమంతటికీ కనిపించాలంటే కార్సన్ సోఫా తప్ప దారి లేదు. ఇష్టం లేకపోయినా రావాలి. ఇప్పుడు నటుడి ఫోనే ఆయన చానల్. గంటసేపు తీరిగ్గా మాట్లాడాలంటే పాడ్‌కాస్టులున్నాయి. బలవంతంగా వచ్చే గెస్ట్ లేనప్పుడు గొడవకు ఆస్కారమూ తక్కువే.

షోలూ దానికి తగ్గట్టే మారాయి. 2014లో ‘టునైట్ షో’కు వచ్చిన జిమ్మీ ఫాలన్ ఆటలు ఆడించారు. 2015 నుంచి జేమ్స్ కార్డెన్ గాయకులను కారెక్కించి పాడించారు. యూట్యూబ్‌లో మర్నాడు విడిగా పెట్టుకోవడానికి అవి బాగా కుదిరాయి. చూడముచ్చటగానే ఉంటాయి. కానీ ఆటకు నియమాలుంటాయి, పాటకు ముగింపుంటుంది.

కార్డును పక్కన పెట్టించే పనిని వేరేవాళ్లు అందుకున్నారు. 2015లో యూట్యూబ్‌లో మొదలైన ‘హాట్ వన్స్’లో షాన్ ఎవన్స్ గెస్టుకు ఒకదాని కంటే ఒకటి ఘాటైన సాస్ పూసిన పది చికెన్ ముక్కలు వరుసగా తినిపిస్తూ ప్రశ్నలు అడుగుతారు. ఆరేడు ముక్కలు దాటాక కళ్ల వెంట నీళ్లు, ముక్కు కారడం, పాల కోసం తడుముకోవడం. సిద్ధం చేసుకొచ్చిన కథ ఆ మంటలో నిలవదు. లెటర్‌మన్ కాలంలో ఎప్పుడో ఒకసారి జరిగిన ప్రమాదాన్ని ఇక్కడ ప్రతి ఎపిసోడ్‌కూ వండి వడ్డిస్తున్నారు. పదో ముక్క కూడా అయ్యాక ఎవన్స్ కెమెరాలు చూపిస్తారు. గెస్ట్ కళ్లు తుడుచుకుని వాటివైపు తిరిగి, తన కొత్త సినిమా పేరు, విడుదల తేదీ చెబుతారు.